సర్క్యూటస్ అంటే చుట్టుదారి

ఏటా వేసవిలో మరమ్మతులకని కాలవ కట్టేసిన నాలుగైదు రోజులకి మా ఊళ్ళో ఒక వాసన మొదలవుతుంది. ఎండుతున్న ఒండ్రు, కుళ్ళిన గుర్రపుడెక్క, గుంటల్లో మిగిలిపోయిన చేపపిల్లలు, అన్నీ కలిసిన వాసన. మొన్న మొక్కల నర్సరీలో పని ముగించుకుని ఇంటికి వస్తుంటే గట్టు మీద అదే తగిలింది. ముక్కు మూసుకోవలసింది పోయి కాసేపు నిలబడ్డాను. నా చిన్నతనంలో ఆ వాసన వచ్చిందంటే అవతలి ఒడ్డుకి సూటిగా నడిచిపోవచ్చని అర్థం.

తొంభైలలో మా ఊరి దగ్గర కాలవకి వంతెన లేదు. తాడు పట్టుకుని లాగితే కదిలే బల్లకట్టు ఒకటుండేది గానీ, నేను ఆరో తరగతిలో ఉండగా అదీ పుచ్చిపోయి ఒడ్డున బోర్లాపడింది. నీళ్ళున్న పదిన్నర నెలలూ అవతలికి వెళ్ళాలంటే దిగువనున్న లాకుల దాకా నాలుగు కిలోమీటర్లు నడిచి, అక్కడి వంతెన దాటి, అవతలి గట్టున మళ్ళీ నాలుగు కిలోమీటర్లు వెనక్కి రావాలి. మిగిలిన నెలన్నర మాత్రం కాలవే మా వీధి. మగపిల్లలు దాని అడుగున క్రికెట్ ఆడేవారు, మేము లంగాలు ఎగదోపుకుని గుంటల్లో చేపలు పట్టేవాళ్ళం, తాటిముంజలమ్మే ఆవిడ అవతలి ఊరి నుంచి గంపతో అడ్డంగా నడిచొచ్చేది, ఆవకాయకి నాయనమ్మ దంపించే కారం ఘాటుకి ఇంటిల్లిపాదీ తుమ్ముతుండేవాళ్ళం.

పదో తరగతిలో ఇంగ్లీషు మాస్టారు ఒకరోజు బోర్డు మీద సర్క్యూటస్ అని రాసి అర్థం అడిగారు.

"గుండ్రంగా ఉండేదండి. బంతి సర్క్యూటసండి" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు.

"బంతి కాదర్రా. సూటిగా పోకుండా చుట్టూ తిరిగి చేరేది. దారికి వాడొచ్చు, మాటకి వాడొచ్చు. తలా ఒక వాక్యం రాయండి" అన్నారు మాస్టారు.

జూనియర్ కాలేజీ అవతలి ఒడ్డునే ఉంది. లాకుల మీదుగా కాలేజీకి వెళ్ళే దారి సర్క్యూటస్ అని రాశాను. ఎంత సర్క్యూటసో చెప్పమన్నారు. సూటిగా కిలోమీటరున్నర, చుట్టూ అయితే తొమ్మిదిన్నర, ఆరు రెట్లు దాటిందని చెప్పాను. మాటకి కూడా వాడి రాయమన్నారు.

"అంత తిప్పి ఎవరు మాట్లాడతారండి?" అన్నాను.

"మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరేంటే?" అన్నారాయన.

పరీక్షల్లో లెక్కలకి నాకు తొంభై ఎనిమిది వచ్చాయి. ఎండిన కాలవ దాటి వెళ్ళి కాలేజీ దరఖాస్తు ఫారం తెచ్చుకున్నాను, పోనూ రానూ నలభై నాలుగు నిమిషాలు. నాన్న ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నీళ్ళొదిలితే ఎలాగమ్మా?" అన్నారు.

అదొక లెక్క అనుకున్నాను. వసారాలో కూర్చుని కాగితం మీద దారులన్నీ వేశాను. నడిస్తే రెండు గంటలు, సైకిలు మీద నలభై ఎనిమిది నిమిషాలు. సైకిలు టైర్లు అరిగిపోయాయన్నారు నాన్న. మావయ్యనడిగి రెండు టైర్లు తెచ్చాను. గట్టు మీద తుమ్మముళ్ళు కదా అన్నారు. ముళ్ళున్న చోట్లు పదకొండు లెక్కపెట్టి, అక్కడ దిగి నడిపించడానికి ఇంకో తొమ్మిది నిమిషాలు కలిపాను. వానలు పడితేనో అన్నారు. చూద్దాంలే అన్నారు. వద్దు అని మాత్రం ఒక్కసారీ అనలేదు, అందుకే నేను లెక్క ఆపలేదు.

ఇంట్లో ఇంకొన్ని జరిగాయి. చూశాను గానీ వాటిని ఒకదానితో ఒకటి కలిపి కూడలేదు. నా ఫలితాలొచ్చిన రోజు అమ్మ పాయసం చెయ్యలేదు. మార్కుల కాగితం నాయనమ్మ ట్రంకుపెట్టెలో అడుక్కి పెట్టేసింది. నాకంటే రెండేళ్ళు పెద్దయిన అన్నయ్య అదే పదో తరగతి లెక్కల పరీక్ష నాతోపాటు మూడోసారి రాసి, మూడోసారీ తప్పి, గదిలో గోడవైపు తిరిగి పడుకుని ట్రాన్సిస్టర్ వింటుండేవాడు.

దరఖాస్తుకి ఆఖరి రోజు వచ్చింది. అప్పటికి కాలవకి నీళ్ళొదిలేశారు. పొద్దున్నే సైకిలు బయటికి తీస్తుంటే, పెరట్లో వడియాలు పెడుతున్న అమ్మ తలెత్తకుండా అంది. "మీ అన్నయ్య ఇంట్లో కూర్చునుంటే వాడి కళ్ళముందు నుంచి నువ్వు కాలేజీకెడతావా? వాడేమైపోతాడే?"

ఆ వేసవంతటిలో మా ఇంట్లో ఎవరైనా సూటిగా చెప్పిన మాట అదొక్కటే. సైకిలు స్టాండు వేసేశాను. మూడు వారాలపాటు ఎవరూ అడగని లెక్క చేశాను, జవాబులు అన్నీ సరైనవే. వచ్చే ఏడు చూద్దామన్నారు. వచ్చే ఏడూ అన్నయ్య తప్పాడు.

తర్వాత కడియంలో ఒక నర్సరీలో పనికి చేరాను. ఏ సైజు కవరు మొక్కలు లారీలో ఎన్ని పడతాయి, ఎన్ని వరసలు పేరిస్తే కిందివి నలగవు, అన్నీ నాకు నేనే నేర్చుకున్నాను. అన్నయ్య లారీ డ్రైవరయ్యాడు. చాలా ఏళ్ళ తర్వాత మా నర్సరీకే లోడుకి వచ్చి, టీ తాగుతూ అడిగాడు.

"నిన్ను కాలేజీకి పంపనిది నా మూలానంట కదే?"

"ఎవరన్నారు?"

"అమ్మే. నన్నొక్క మాట అడగాల్సింది. వెనకాల ఎక్కించుకుని రోజూ నేనే దింపేవాణ్ణి. ఖాళీగానే ఉన్నాను కదా అప్పుడు."

అప్పటిదాకా లారీలో పెట్టిన మొక్కల లెక్క చెదిరిపోతే మళ్ళీ మొదటి వరస నుంచి మొదలుపెట్టాను.

ఇప్పుడు కాలవ మీద వంతెన ఉంది. మా వీధి చివరి నుంచి కాలేజీ గేటుకి స్కూటీ మీద నాలుగు నిమిషాలు, ఆడపిల్లలు కబుర్లాడుకుంటూ వెళ్ళిపోతారు. కాలవ ఎండినా అందులోకి దిగేవాళ్ళు లేరు, తాటిముంజలు మోటారుసైకిలు మీద వస్తున్నాయి. నాన్న లేరు, అమ్మా లేదు, ఇల్లు పడగొట్టేశాం. ఆ వసారాలో నేను కాగితాలు పరుచుకున్న చోటు నుంచి గదిలో అన్నయ్య మంచం దాకా ఎన్ని అడుగులుండేవో నాకు తెలియదు. అది కొలవాలని అప్పుడు తోచలేదు. ఏడో ఎనిమిదో ఉండేవేమో.