సీసాలత్త దుబాసీపని

కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా సీసాలు కడిగే ఆవిడ అసలు పేరు రిజిస్టరులోనే ఉండిపోయింది. అందరికీ ఆవిడ సీసాలత్తే. పుట్టింటిదొక భాష, మెట్టినింటిదొకటి, కూలీల బస్తీలో పొరుగువాళ్ళ దగ్గర పట్టుబడింది మరొకటి. ఇంగ్లీషు మాత్రం సీసాల మీది చీటీలు చదివీ చదివీ వచ్చింది. లెక్చరరు ఇంగ్లీషులో దంచేసి వెళ్ళగానే పిల్లలు సింకు చుట్టూ మూగేవాళ్ళు. ఆవిడ కడిగేవి కడుగుతూనే ఎవరి భాషలో వాళ్ళకు పాఠం ఒలిచి చేతిలో పెట్టేది. భాషల గురించీ దేశాభివృద్ధి గురించీ సెమినారు హాల్లో గంటలకొద్దీ మాట్లాడే పెద్దలకు ఆ సింకు ఎక్కడుందో కూడా తెలియదు, అది వేరే సంగతి.

ఆ యేడాది కొండల మీది ఊరి నుంచి ఒక పిల్ల వచ్చింది. అత్త పుట్టింటి భాషే ఆ పిల్లదీ. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఇంగ్లీషు చదివితే తెలుస్తుంది, వింటే తెలుస్తుంది, అడిగితే మాత్రం నోరు పెగలదు. వైవా ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే సీటు పోతుంది. ఆ వారమంతా అత్తకు అన్నం సయించలేదు.

పరీక్షకు బయటి నుంచి వచ్చిన మాస్టారు మంచివాడే. పిల్ల బిక్కచచ్చిపోవడం చూసి, "నీ భాషలోనే చెప్పమ్మా. ఎవరైనా నాకు ఇంగ్లీషులో చెప్తే చాలు," అన్నాడు. అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"యాసిడ్‌లో నీళ్ళు ఎందుకు పొయ్యకూడదు?" అని అడిగాడాయన.

"వేడి పుడుతుంది," అంది పిల్ల తన భాషలో. అంతే.

ఇంత పొట్టి జవాబుతో పిల్ల గట్టెక్కేదెలా అనుకుంది అత్త. తనకు తెలిసిందంతా కలిపేసింది. నీళ్ళు మరిగి చిందడం, కళ్ళకు అద్దాలు, పోసే తీరు, ఎప్పుడో ఒక కుర్రాడి చొక్కాకు పడ్డ చిల్లు కూడా.

"రెండే మాటలు విన్నాను నేను. అందులో ఇంత ఉందా?" అన్నాడు మాస్టారు.

పిల్ల మొహం కందిపోయింది. "అత్త ఎక్కువ చెప్పింది సార్. నేను వేడి ఒక్కటే చెప్పాను," అంది గబుక్కున, ఇంగ్లీషులోనే.

అత్త అడ్డంగా దొరికిపోయింది.

"అయితే ఆ వేడికి ఏమవుతుంది?" అన్నాడు మాస్టారు పిల్ల వైపే చూస్తూ.

కోపం మీదున్న పిల్లకు భయం సంగతే గుర్తులేదు. తడబడుతూ, చేతులు తిప్పుతూ, మాట దొరకని చోట బల్ల మీద వేలితో గీస్తూ ఇంగ్లీషులోనే చెప్పుకుపోయింది. యాసిడ్ బరువు గనక నీళ్ళు దాని మీదే నిలిచి అక్కడికక్కడే మరుగుతాయని, అత్త చెప్పనిది కూడా చెప్పింది. మాస్టారు మార్కులు వేసి, ప్యాసయ్యావు వెళ్ళమన్నాడు.

వరండాలో పిల్ల తలవంచుకుని నిలబడింది. "కోపమొచ్చిందా అత్తా? అందరి ముందూ నీ పరువు తీశాను."

"రాదూ మరి? ఇన్నేళ్ళలో నేను చెప్పింది కాదన్నవాళ్ళు లేరు," అంది అత్త కళ్ళు తుడుచుకుంటూ. "ఆ నోటితోనే రేపట్నుంచి క్లాసులో లేచి అడుగు. నా దగ్గరికొస్తే చెప్పను, పో."

పొమ్మంది గానీ, పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.