ఏ నవ్వు ఏ ట్రేలోకి

కాకినాడలో నేను స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే రోజుల్లో ఒకావిడ రొయ్యల షెడ్డులో డ్యూటీ దిగి నేరుగా క్లాసుకు వచ్చేది. సైజును బట్టి రొయ్యల్ని వేర్వేరు ట్రేలలో వేయడం ఆవిడ పని. నేను ఏ కొత్త మాట చెప్పినా, ఆవిడ చెయ్యి బల్ల మీద అలాగే కదిలేది, ఇది ఇటు, అది అటు అన్నట్టు.

ఒకరోజు నవ్వుల గురించి చెప్పాను. గిగిల్ అంటే ఆపుకోలేని కిలకిల నవ్వు. చకిల్ అంటే తనలో తాను మెల్లగా నవ్వుకోవడం. స్నిగర్ అంటే ఎదుటివాళ్ళను చులకన చేస్తూ చాటుగా నవ్వడం. ఆవిడ చెయ్యి ఎడమకీ, మధ్యకీ, కుడికీ కదిలి అక్కడే ఆగిపోయింది.

"మాస్టారూ, నిన్న నేను లేచి మాట్లాడితే వెనక బెంచీలోంచి వచ్చింది ఏదండి?"

ఆ నవ్వు నేనూ విన్నాను. విని ఊరుకున్నాను.

"మూడోదేనండి," అని ఒప్పుకున్నాను.

"అయితే ఇవాళ కూడా ముందు నేనే మాట్లాడతానండి."

లేచి, వెనక బెంచీ వైపు తిరిగి, వాళ్ళ ముఖాల్లోకి చూస్తూ, తప్పులతోనే ఐదు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడింది. ఎవరూ నవ్వలేదు.

కూర్చున్నాక తనే మెల్లగా నవ్వుకుంది. చెయ్యి బల్ల మధ్యకి జరిగింది.