ఇంకొక్కసారి మావయ్య

మా మావయ్యకి ఏ పనీ ఒక్కసారితో ముగించడం చేతకాదు. తాళం వేసి, లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి లాగుతాడు. అత్తయ్య పెళ్ళికి సరేనన్నాక కూడా, "ఇంకొక్కసారి చెప్పు" అన్నాడట. ఆవిడ అది తలుచుకుని పడీ పడీ నవ్వేది. ఇప్పుడు ఆవిడ లేదు. ఆ ఇంట్లో నవ్వూ లేదు.

నా ఖర్మకొద్దీ ఆయన కిందే నాకు ఉద్యోగం. ఊళ్ళో భవనాల్ని కంప్యూటర్లో కట్టి, వాటి మధ్య గాలి ఎటు మళ్ళుతుందో, ఎక్కడ ఊపందుకుంటుందో లెక్కగట్టి, కరెంటు తీసే గాలిమర ఏ డాబా మీద ఎక్కడ పెట్టాలో చెబుతాం. అప్పుడు ముసురు. ఆఫీసు గోడలు చెమ్మెక్కాయి. చేతిలో మిగిలింది ఒకే ఒక్క పని, అదీ పోతే ఆఫీసుకి తాళమే. మావయ్యైతే ఆ తాళాన్నీ రెండుసార్లు లాగి చూస్తాడు.

ఆ పని ఒక పాత అపార్ట్‌మెంటుది. దాని డాబా మీద చిన్న గది, అందులో ఒంటరిగా బతుకుతున్న టైలరమ్మ. గది అడ్డం, కూల్చేస్తే గాలిమర బాగా తిరుగుతుందని మా మొదటి లెక్కలో తేలింది. ఓనరుకి కావలసిందీ అదే. టైలరమ్మ అప్పుడే మిషను మూటగట్టి తలుపు పక్కన పెట్టుకుంది. ఎక్కడికి పోతావమ్మా అంటే, తెలీదంది.

"ఇంకొక్కసారి చూద్దాం" అన్నాడు మావయ్య.

ఇక మొదలు. గాలిమరని కాస్త ఇటు జరుపు, ఇంకొక్కసారి. కాస్త ఎత్తు పెంచు, ఇంకొక్కసారి. జరిపీ జరిపీ నా వేళ్ళు పడిపోయాయి. కంప్యూటరు ఫ్యాను రొప్పుతుంటే, దాని ముందే గాలిమర పెడితే ఊరంతటికీ కరెంటొస్తుంది మావయ్యా అన్నాను. ఆయన నవ్వలేదు. మా ఇద్దరి పైనున్న మేనేజరు తల బాదుకుని, సాయంత్రంలోగా రిపోర్టు ఇవ్వకపోతే పని వేరేవాళ్ళకి పోతుందని తేల్చి చెప్పాడు.

సాయంత్రానికి చోటు దొరికింది. గది పక్కన పొడవాటి స్తంభం మీద గాలిమర పెడితే, గది గోడకి కొట్టుకుని పైకెగిసే గాలి దాన్ని జోరుగా తిప్పుతుంది. గది లేకపోతే ఆ జోరు లేదు. మేనేజరు నమ్మక నన్ను సరిచూడమన్నాడు. చూశాను. అక్షరాలా నిజం.

అప్పుడు వెలిగింది నా బుర్రలో. ఇన్నిసార్లూ గాలిమరనే జరిపించాడు గానీ, గదిని ఒక్కసారైనా ముట్టుకోనివ్వలేదు.

"మావయ్యా, చోటు దొరక్కపోయుంటే?"

"ఇంకొక్కసారి చూసేవాణ్ణి."

రిపోర్టు చూసి ఓనరూ సరేనన్నాడు. గది కూల్చరని ఆ వానలోనే వెళ్ళి టైలరమ్మకి చెప్పాం. ఆవిడ మూట మీద చెయ్యేసింది.

"ఇంకొక్కసారి చెప్పండి బాబూ" అంది.

ఆ మాట ఆయన్ని ఎవరైనా అడగడం నేను చూడ్డం అదే మొదలు. అత్తయ్య పోయాక మావయ్య నవ్వడమూ అదే మొదలు. తాపీగా మళ్ళీ చెప్పాడు. కిందికి దిగి గొడుగు తెరిచామో లేదో, ఆగిపోయాడు.

"సరిగ్గా విందంటావా?" అని మళ్ళీ మెట్లెక్కాడు.