చుట్టల బాబాయి దాచుకున్నది

తెల్లవారగానే ఆయన ఇంట్లో సామానంతా వీధి అరుగు మీదికి తెచ్చేవాడు. ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె, కిరసనాయిలు స్టవ్వు, రెండు గిన్నెలు, ఒక కంచం, పనిముట్ల సంచి. గది ఊడ్చి తడిగుడ్డ పెట్టి, అది ఆరేదాకా దేవుడికి దణ్ణం పెట్టుకుని, అన్నీ మళ్లీ లోపల సర్దేవాడు. పక్కింటి ఇస్త్రీ ఆవిడ బొగ్గులు రాజుకునేలోపే ఆ సంసారం బయటికి వచ్చి లోపలికి వెళ్లిపోయేది.

ఆయన జన్మలో చుట్ట ముట్టలేదు. కాలిపోయిన మోటార్లకూ ఫ్యాన్లకూ కొత్తగా రాగితీగ చుట్టి బతికించడం ఆయన పని. అందుకే వీధంతా చుట్టల బాబాయి అనేది. “ఇది పారేసి కొత్తది కొనుక్కోండి” అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ముసలివాళ్ల ఫ్యానయితే తానే మోసుకెళ్లి బిగించి వచ్చేవాడు.

“ఇంత పనుంది, ఖర్చు లేదు. ఎక్కడ దాస్తున్నావు బాబాయ్?” అనేది ఇస్త్రీ ఆవిడ.

“నీ కుంపట్లోనే తల్లీ. కాస్త నెమ్మదిగా ఊదు.”

ఈ వేళాకోళం పాకి పాకి ఆయన మేనల్లుడి చెవిలో నిజమై కూర్చుంది. ఉన్న కారు వాడి కంటికి ఆనలేదు, అద్దాల షోరూములో ఇంకో కారు మీద మనసు పడ్డాడు. ఏమీ కొనని మనిషి ఎక్కడో దాచే ఉంటాడని వాడి నమ్మకం. ఏమీ అక్కర్లేని మనిషి ఉంటాడన్నది వాడి బుర్రకు ఎక్కలేదు.

ఆ ఉదయం సామాను అరుగు మీద ఉండగానే గునపంతో వచ్చాడు. ఖాళీ గదిలో గచ్చు పగలగొట్టాడు. మట్టి. మరోచోట పొడిచాడు. అక్కడా మట్టే.

“ఎక్కడ పెట్టావు మావయ్యా?”

“ఉన్నదంతా అరుగు మీదే ఉందిరా. చూసుకో.”

వెక్కిరింత అనుకున్నాడు వాడు. మెడ పట్టి గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారింది. అరుగు మీది సంచిలోంచి పనిసుత్తి లాగి, ఆయన కుడిచెయ్యి గడప మీద అదిమిపెట్టి ఎత్తాడు.

“చెప్పు.”

“లేనిది ఏం చెప్పనురా.”

సుత్తి దిగింది. రెండు వేళ్లు నుజ్జయ్యాయి. రెండో దెబ్బ మోకాలి మీద పడింది. ఆ కేకకు వీధి వీధంతా వచ్చిపడింది.

జుట్టు పట్టి వాణ్ణి బయటికి ఈడ్చారు. అరుగు మీది మంచం విరిచి ఆ కోళ్లతోనే బాదారు. ట్రంకుపెట్టె అంచుకు వాడి తల పగిలింది. ఏనాడూ ఎవరికీ ఎదురు చెప్పని పాలాయన కూడా వాడి డొక్కలో తన్నుతున్నాడు.

“చంపెయ్యండి వెధవని. బాబాయి చెయ్యి తీసేశాడు.”

“ఆపండయ్యా” అన్నాడు బాబాయి. ఎవరికీ వినబడలేదు. లేవబోతే మోకాలు నిలవలేదు. అవతల వాడు “మావయ్యా” అన్నాడు. కాసేపటికి ఆ మాట కూడా ఆగిపోయింది. దెబ్బలు ఆగలేదు.

ఇస్త్రీ ఆవిడ పరుగున వచ్చి నలిగిన చేతికి తెల్లచొక్కా ఒకటి చుట్టింది.

“ఎవరి చొక్కా తల్లీ ఇది?”

“ఎవరిదైతే ఏంలే. కదలకు బాబాయ్.”

“నా సంగతి వదిలెయ్. నాకు కాలు రావడం లేదు. నీకు పుణ్యముంటుంది, ఒక్క సాయం చెయ్యి. నువ్వెళ్లి వాడి మీద అడ్డంగా పడుకో. నిన్నయితే కొట్టరు.”