పోరంబోకు గడ్డి

మా పెదనాన్నకి తెలివి ఎక్కువని ఊళ్లో ఒక పుకారు ఉండేది. దాన్ని పుట్టించినవాడూ ఆయనే, మోసినవాడూ ఆయనే.

యుద్ధం రోజులవి. అనకాపల్లి బెల్లానికి గిరాకీ పెరిగింది. కశింకోట పక్కనున్న మా పొలమంతా ఆయన చెరుకే వేయించాడు. చెరుకుకి గత్తం కావాలి. దొడ్లో పెంటకుప్ప చాల్లేదు. అప్పుడాయన కన్ను ఊరి వెనకున్న గడ్డిమెట్ట మీద పడింది. సర్కారు లెక్కలో అది పోరంబోకు, అంటే ఎవరిదీ కాని నేల. అక్కడక్కడా తుమ్మచెట్లు, మిగతాదంతా గడ్డి. మా పశువులు పొద్దంతా అక్కడే మేసేవి, అక్కడే పేడ వేసేవి.

ఆ పేడని పడ్డది పడ్డట్టే గంపలకెత్తించి చెరుకు చేలోకి మోయించాడు. ఇంటిల్లిపాదికీ అదే పని. ఒక్క ముద్ద మిగిలినా ఆయన ప్రాణం విలవిల్లాడేది.

"మెట్ట మీద కొంచెం ఉంచుదాం అన్నయ్యా, గడ్డి సన్నబడిపోతంది" అన్నాడు మా నాన్న ఒకసారి.

"పోరంబోకు గడ్డికి గత్తం ఏటిరా? దాన్ని దేవుడు పెంచుతాడు. సెరుకుని మనం పెంచాల."

ఈ ముక్క చెప్పి మీసం దువ్వుకున్నాడు. ఆ దేవుడు కూడా పేడపురుగుల చేత, వానల చేత ఆ పేడనే మట్టిలో కలిపించి గడ్డి పెంచుతాడని ఆయనకి తట్టలేదు. తట్టడానికి బుర్రలో కాస్త చోటుండాలిగా, ఉన్నదంతా అహమే. ముళ్లపొదల కింద మా చేతులకి అందని పేడ చుట్టూ మాత్రం వానలకి గడ్డి మోకాలెత్తు లేచేది. మిగతా మెట్ట బోడిగుండు. రోజూ ఆ పచ్చటి దుబ్బుల పక్కనుంచే నడిచేవాడు మహానుభావుడు.

చెరుకు మాత్రం ఏపుగా పెరిగింది, అబద్ధమెందుకు. దాన్ని చూపించడానికి దారినపోయేవాళ్లందర్నీ గట్టు మీదికి లాక్కొచ్చేవాడు. పశువులేమో ఏడాది తిరిగేసరికి చిక్కి శల్యమయ్యాయి. మా అమ్మ దూడనాటినుంచి కుడితి పెట్టి పెంచిన ఎర్రెద్దుకి పక్కటెముకలు తేలిపోయాయి. దాన్ని చూసినప్పుడల్లా పెదనాన్న మీద నాకు కోపం కాదు, రోత పుట్టేది.

గానుగాడే రోజు వచ్చింది. ఎర్రెద్దునీ దాని జోడునీ గానుగకి కట్టారు. కాస్త తిరిగేసరికి ఎర్రెద్దు మోకాళ్ల మీద కూలబడింది. పెదనాన్న ములుగర్ర తీసుకుని పొడవబోయాడు.

మా ఇళ్లల్లో తమ్ముడి భార్య బావగారి ఎదట నోరెత్తదు. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచీ మా అమ్మ ఆయనతో ఒక్క మాటా ఆడలేదు. ఆ రోజు ఎద్దుకీ ములుగర్రకీ మధ్యకొచ్చి నిలబడింది.

"దాని తిండంతా తీసికెళ్లి సెరుకుకి పెట్టేరు కదా, బావగారూ. సెరుకు బాగా బలిసింది. ఇప్పుడా సెరుకునే కట్టి గానుగ తిప్పించండి."

బెల్లం పొయ్యి దగ్గరున్నవాళ్లు నవ్వాపుకోలేకపోయారు. అమ్మ పలుపు విప్పి, ఎర్రెద్దుని బుజ్జగించి లేపి, ఇంటికి తోలుకుపోయింది. పెదనాన్న మిగతా ఎడ్లని మార్చి మార్చి కట్టించాడు గానీ, వేటికీ గానుగ తిప్పే సత్తువ లేదు. సగం చెరుకు చేలోనే ఎండింది.

పోరంబోకు అన్న మాట ఆ తర్వాత కూడా మా ఊళ్లో వినబడేది. మెట్ట గురించి మాత్రం కాదు.