చేత్తో కొట్టిన ఛాసిస్ నంబరు

2015 జూన్‌లో నన్ను నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక యూనిట్ ఆఫీసుకు మోటారు వాహన తనిఖీ అధికారిగా బదిలీ చేశారు. మా శాఖలో ఈ హోదాను ఎంవీఐ అంటారు. జనం మాత్రం ఎప్పటినుంచో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు, ఆ పేరంటే నాకూ ఇష్టమే. రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. నంబరు ప్లేటు మీద ఏపీ తీసేసి టీఎస్ రాయించాలా, రాయిస్తే ఎప్పుడు అని వచ్చినవాళ్లంతా అడిగేవారు. నాకూ తెలియదు కాబట్టి, ఆర్డరు వస్తుంది ఆగండని గంభీరంగా చెప్పి పంపేవాణ్ణి.

ఆఫీసు వెనక ఎర్రమట్టి మైదానంలో ఉదయం పూట తనిఖీలు జరిగేవి. సరుకు మోసే పాత బండికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి, వాడుకలో దాన్ని ఎఫ్‌సీ అంటారు. తనిఖీకి ఒక వరస ఉంది. ముందు ఛాసిస్ నంబరు, తర్వాత ఇంజను నంబరు, ఆ తర్వాతే లైట్లు, బ్రేకులు, హారను. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు హారనుతో మొదలుపెడతారు, అదో సరదా. ఛాసిస్ అంటే ఇంజను, చక్రాలు, బాడీ అన్నీ బిగించే ఇనుప చట్రం. ఫ్యాక్టరీలోనే దాని మీద ఒక నంబరు గుద్దుతారు. ఇంజను మార్చినా, బాడీ మార్చినా, రంగు మార్చినా ఆ నంబరు ఉన్నంతకాలం బండి అదే బండి. నంబరు మీద పలచని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు దిగుతుంది. ఆ పెన్సిల్ ప్రింటు లేకుండా మా దగ్గర ఏ పనీ ముందుకు సాగదు.

మరుసటి జనవరిలో ఒక ఉదయం నేను వరసలో ఉన్న ట్రాలీ ఆటో కింద తలదూర్చి చూస్తుంటే గేటు దగ్గర ఒక శబ్దం వినిపించింది. నా చిన్నతనంలో మా బాపు పానగల్ దగ్గరి బియ్యం మిల్లులో పెట్రోలు పికప్ వ్యాను నడిపేవాడు. స్కూలు నుంచి వస్తుంటే ఆ బండి చప్పుడు వీధి మలుపులోనే గుర్తుపట్టేవాణ్ణి. సరిగ్గా అదే చప్పుడు. పైకి లేచి చూస్తే అదే రకం బండి, గుండ్రటి దీపాలు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, ఆకుపచ్చ రంగు, వెనక కొత్త తుమ్మ చెక్కతో కట్టిన బాడీ. అద్దం పైన గొర్రెల కాపరుల దేవుడు బీరప్ప పేరు రాసి ఉంది. పాతకాలపు మూడక్షరాల నంబరు. అలాంటి బండి చూసి ఎన్నేళ్లయిందో! దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. అధికారి హోదా పక్కన పెట్టి దాని చుట్టూ ఒకసారి తిరిగాను.

బండి యజమాని బాలకిష్టయ్య కోస్గి పక్క పల్లెలో గొర్రెలు పెంచే కురుమ. అరవై దాటాయి, గోచీ పోసి కట్టుకున్న పంచె, భుజాన గొంగడి. పక్కనున్న ఖాజా మియా కోస్గిలో వెల్డింగ్ దుకాణం నడుపుతాడు, చిన్ననాటి స్నేహితుడు. బండిని బాలకిష్టయ్య తండ్రి, పాతదే, సంతకు గొర్రెపిల్లలు వేసుకుపోవడానికి కొన్నాడట. ఆయన పోయాక గొర్రెల దొడ్డి పక్కన నిలబెట్టేశారు. కోళ్లు సీటు మీద గుడ్లు పెట్టాయి. ఖాజా మియా దుకాణానికి శుక్రవారం సెలవు. వానాకాలం మొదలు ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు కాగానే సామాను సైకిలుకు కట్టుకుని ఆ దొడ్డికి వచ్చేవాడు. ఇద్దరూ కలిసి తుప్పు గీకి, కుళ్లిన రేకులు కోసి కొత్తవి అతికి, ఇంజను విప్పి బిగించారు. అసలు రంగు ఏదో గుర్తు రాక డాష్‌బోర్డు కింద గోరుతో గీకి, బయటపడ్డ ఆకుపచ్చకు సరిపోయే డబ్బా కోసం ఊళ్లు తిరిగారు. ఇదంతా ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ చెబుతుంటే, వరసలో వెనకున్న ఆటోవాళ్లు కూడా దిగి వచ్చి విన్నారు.

ఇక నా పని మొదలుపెట్టాను. టార్చి పట్టుకుని ముందు చక్రం వెనక వంగి ఛాసిస్ నంబరు వెతికాను, దొరికింది. వేలితో తడిమితే నా సంతోషమంతా ఆవిరైపోయింది. ఫ్యాక్టరీ నంబరు ఒకే లోతులో, ఒకే వరసలో పడుతుంది. చేత్తో ఒక్కొక్క అంకె పెట్టి సుత్తితో కొడితే ఒకటి లోతుగా, ఇంకొకటి పైపైన, మరొకటి కొంచెం పక్కకు వాలి ఉంటుంది. ఇక్కడి అంకెలు అలాగే ఉన్నాయి. నంబరున్న ఇనుప పట్టీ కూడా కొత్తది, దానికి రెండు వైపులా వెల్డింగ్ గీతలు.

ఇది చూడగానే మా శాఖలో ఎవరికైనా తోచేది ఒక్కటే. దొంగలు చేసేది అచ్చం ఈ పనే. ఎత్తుకొచ్చిన బండి నంబరు చెరిపేసి, తుక్కు కింద పోయిన మరో బండి నంబరు కొట్టి, ఆ తుక్కు బండి కాగితాలతో రోడ్డు మీద తిప్పుతారు. నంబరు ఎవరు కొట్టారని అడిగాను. ఖాజా మియా ముందుకొచ్చాడు, ముఖం వెలిగిపోతోంది.

"నేనే సార్. సగం నంబరు తుప్పుకు పోయింది, కనవడకపాయె. గొర్రెల ఉచ్చ తాకితే ఇనుము నిలుస్తదా? గా ముక్క కోసి కొత్త పట్టీ ఏసిన. ఆర్సీల చూసుకుంట సాఫ్‌గ కొట్టిన. ఒక్క నంబరు తప్పువోలే, చూస్కోండ్రి."

శాబాష్ అంటానని ఎదురుచూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది, ఇంత మంచి పనితనం ఉన్న మనిషికి ఇంత తెలివితక్కువతనమా అని. ఛాసిస్ నంబరు చెరపడం, అనుమతి లేకుండా కొట్టడం నేరమని, బండిని స్వాధీనం చేసుకుని పోలీసులకు అప్పగించాల్సి వస్తుందని, నంబరు కొట్టినవాడి మీదా యజమాని మీదా కేసు పడుతుందని గట్టిగానే చెప్పాను. ఖాజా మియా నాకూ బాలకిష్టయ్యకూ మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"కిష్టన్నకేం తెల్వది సార్. కొట్టింది నేను. రాస్తే నా పేరే రాయుండ్రి" అన్నాడు.

"నీ పేరెందుకు? బండి నాది, నా పేరు రాయాలె" అని బాలకిష్టయ్య అడ్డం వచ్చాడు. ఎవరి పేరు రాయాలన్న దాని మీద ఇద్దరూ నా ఎదుటే కొట్లాటకు దిగారు. నేను కసిరితే ఆగారు. అప్పుడు బాలకిష్టయ్య మెల్లగా అసలు సంగతి చెప్పాడు. శివరాత్రి దాటితే మంద కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డుకు వలస పోవాలి. వానలు పడేదాకా మేత అక్కడే. ఇన్నేళ్లూ మంద వెనక నడిచాడు, ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు. దారిలో ఈనిన పిల్లల్ని, వంట సామాన్లని, తనని మోయడానికే ఈ బండి. "బండి లేకుంటే మంద అమ్ముడే సారూ. నడవకుంట మందెనక ఎట్ల పోవాలె?" అన్నాడు.

ఇద్దరి మాటా నమ్మాను. దొంగ ఎవడూ తాను కొట్టిన నంబరును ఇంత గొప్పగా చూపించుకోడు. కానీ ఖాజా మియా గర్వంగా చెప్పాడు కాబట్టి దొంగ కాదు అని రిపోర్టులో రాయలేం కదా. మొదటి రిజిస్ట్రేషన్ మరో జిల్లాలో ఎప్పుడో జరిగింది, ఆ కాలపు పెన్సిల్ ప్రింటు దొరికే ఆశ లేదు. ఈ బండి ఆ బండేనని ఇనుమే చెప్పాలి. అందుకని కోసిన ముక్క ఎక్కడుందని అడిగాను.

దొడ్లోనే పడేశానని ఖాజా మియా అన్నాడు. పాత ఇనుప సామానువాడు ఒకసారి వచ్చిపోయాడని బాలకిష్టయ్య గొణిగాడు. బండి తాళాలు నా దగ్గర పెట్టుకుని, విషయం ఆర్టీఓ గారికి ఫోన్లో చెప్పి, స్థలం చూసి రిపోర్టు ఇస్తానన్నాను. ఆయన సరే అన్నారు కానీ, సాయంత్రంలోగా ఆధారం దొరక్కపోతే పోలీసులకు రాసెయ్యండి, జాలిపడితే రేపు మీ మీదికొస్తుంది అని హెచ్చరించారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఆఫీసు జీపులో ముగ్గురం వాళ్ల ఊరికి వెళ్లాం. దొడ్డి ఒక పక్క రేకు ముక్కలు, పాత స్ప్రింగులు, తుప్పు పట్టిన మడ్‌గార్డు కుప్పగా ఉన్నాయి. ఇద్దరూ కుప్పంతా తిరగేశారు. కోసిన ఛాసిస్ ముక్క మాత్రం లేదు. నిజం చెప్పాలంటే ఆ బండిని పోలీస్ స్టేషన్ ఆవరణలో తుప్పు పట్టనివ్వడం నాకూ ఇష్టం లేదు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి చూస్తున్న బాలకిష్టయ్య భార్య నర్సమ్మ ఏం దేవులాడుతున్నారని అడిగింది. చెప్పారు.

"గా బండి ముక్కనా? పొట్టేలు ఊకె కట్టె గూటం పీకేస్తాంటె నేనే దాన్ని తీస్కపోయి పాతిన. మీరిద్దరు దాని ముంగటనే కూసోని చాయ తాగుతరు గద ప్రతి శుక్రారం!"

దొడ్డి మూలన కొమ్ములు తిరిగిన పొట్టేలు ఒకటి మమ్మల్ని అనుమానంగా చూస్తోంది. దాని తాడు కట్టింది ఛాసిస్ ముక్కకే. మూరెడు పొడవున్న ఇనుము సగం పైగా భూమిలో దిగి ఉంది. పొట్టేలును విప్పి మరో చోట కట్టడానికి బాలకిష్టయ్య, ఖాజా మియా ఇద్దరూ కావలసి వచ్చారు. ఖాజా మియా తొడకు ఒక పోటు పడింది కూడా. ముక్క బయటికి వచ్చాక అతను అలవాటు కొద్దీ తుప్పు గీకడానికి దొడ్లో ఉంచిన గ్రైండరు అందుకోబోయాడు, అది పెడితే మిగిలిన అంకెలు కూడా పోయేవి. నేను అరిచిన అరుపుకు పొట్టేలు కూడా తలెత్తి చూసింది.

కిరసనాయిలు తెప్పించి, గుడ్డతో నానబెట్టి, టూత్‌బ్రష్‌తో నేనే తుడిచాను. మొదటి అక్షరాలు తుప్పుకు పోయాయి. చివరి అంకెలు మాత్రం ఒకే లోతులో, ఒకే వరసలో పైకి తేలాయి. ఆర్సీలో ఉన్న అంకెలే. కానీ అంతమాత్రం చాలదు, ఈ ముక్క ఈ బండిదేనని తేలాలి. ముక్కను జీపులో వేసుకుని ఆఫీసుకు తిరిగివచ్చి బండి కింద పడుకున్నాను. ఖాజా మియా ఛాసిస్‌ను ఒక బోల్టు రంధ్రం మీదుగా కోశాడు. రంధ్రంలో సగం బండికి మిగిలిన ఇనుము మీద, లోపలి వైపు వెల్డింగ్ గీత పక్కన కనిపిస్తోంది. మిగతా సగం ముక్క అంచున ఉంది. ముక్కను లోపలి వైపు నుంచి ఆనించి చూస్తే రెండూ కలిసి గుండ్రంగా సరిపోయాయి. పైకి వచ్చి ఇద్దరినీ కిందకి వంగి చూడమన్నాను. ఖాజా మియా చూసి లేచి, గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాతంతా పద్ధతి ప్రకారం జరిగింది. ముక్క ఫొటోలు, పెన్సిల్ ప్రింటు, నా రిపోర్టు ఆర్టీఓ గారికి వెళ్లాయి. ఆయన స్వయంగా వచ్చి ముక్కను బండికి ఆనించి చూసుకున్నాకే ఛాసిస్ నంబరు తిరిగి కొట్టేందుకు అనుమతి ఇచ్చారు. అనుమతి లేకుండా కొట్టిన నంబరును గీకకూడదు, దాని మీద అడ్డగీత కొట్టి వదిలేయాలి, జరిగింది ఎప్పటికీ కనబడాలి. పక్కనే కొత్త నంబరును నా ఎదుట ఖాజా మియా చేతనే కొట్టించాను. ఈసారి అతను ప్రతి అంకెకూ ఆగి నా వైపు చూశాడు. హ్యాండ్ బ్రేకు పట్టడం లేదని ఎఫ్‌సీ మాత్రం మరో వారం ఆపాను. అది సరిచేయించుకుని వచ్చాకే సంతకం పెట్టాను.

ఫాల్గుణంలో ఒక ఉదయం డ్యూటీ మీద కొల్లాపూర్ రోడ్డున వెళుతుంటే మంద ఎదురైంది. దుమ్ములో గొర్రెలు, వాటి వెనక నడకకన్నా నెమ్మదిగా ఆకుపచ్చ పికప్. వెనక చెక్క సందుల్లోంచి గొర్రెపిల్లల మూతులు. స్టీరింగ్ దగ్గర ఒక కుర్రాడు, పక్కన గొంగడి కప్పుకున్న బాలకిష్టయ్య. నన్ను చూసి చెయ్యెత్తాడు. మంద దాటేదాకా జీపు ఆపించి ఆ ఇంజను చప్పుడు విన్నాను. ఉద్యోగంలో నాకు దక్కిన సంతోషాలలో అదొకటి.

రిటైరయ్యేదాకా, వెల్డింగ్ చేసిన ఛాసిస్ నా ముందుకు వచ్చినప్పుడల్లా మొదట అడిగిన ప్రశ్న కోసిన ముక్క ఏమైందనే. తప్పించుకునేవాడు దాన్ని దూరంగా పారేసి వస్తాడు, దాచేదేమీ లేనివాడి ఇంట్లో అది ఏదో ఒక పనికి ఉపయోగపడుతుంటుంది. దొంగ బండ్లు కొన్ని ఆ ప్రశ్నతోనే పట్టుబడ్డాయి, నిర్దోషులు కొందరు ఆ ప్రశ్నతోనే బయటపడ్డారు. ఆ జనవరి ఉదయం నేను ఆ మాట అడక్కుండా కేసు రాసి ఉంటే అందులో ఒక్క అక్షరాన్ని కూడా పై అధికారులు తప్పుపట్టేవారు కాదు. ఖాజా మియా జైలుకు వెళ్లేవాడు, మంద అమ్ముడుపోయేది, నా రిపోర్టు మాత్రం నిబంధనల ప్రకారం సరిగ్గా ఉండేది.