చెడగొట్టింది నేను

మా ప్రాజెక్టు పేజీలో మొన్నటిదాకా ఒక వాక్యం ఉండేది: ‘సాంకేతిక కారణాల వల్ల మా చాట్ మూసివేశాం.’ రాసింది నేనే. అది అబద్ధం. జరిగింది ఇదీ.

మాది తెలుగు రాతలో అక్షరదోషాలు పట్టే ప్రోగ్రాం. కోడ్ దాపరికం లేదు; ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. చేసేది ముగ్గురం: మార్కాపురంలో కంప్యూటర్ సెంటర్ నడిపే నేను, కురిచేడులో ఎరువుల దుకాణం ఉన్న మామ, గిద్దలూరులో లెక్కల టీచరైన అక్క. చుట్టరికాలేమీ లేవు, పిలుపులే. సంధుల సంగతి చూసే భాగమంతా అక్కదే. ఆమె లేకపోతే మా ప్రోగ్రాం ‘రామాలయం’ చూసినా బిత్తరపోతుంది.

మొదట్లో అందరి ఫోన్లలో ఉండే గ్రూపులోనే మాట్లాడుకునేవాళ్లం. అక్కడ కోడ్ పెడితే చుక్కలూ బ్రాకెట్లూ కలిసి నవ్వే మొహాలయ్యేవి. మధ్యమధ్యలో మామ పంపే గులాబీలు. నాకు పౌరుషం వచ్చింది.

"స్వేచ్ఛ అని చెప్పుకుంటా ఇంకొకరి పంచన మాట్లాడుకునేదేంది? మన చాట్ మనమే పెట్టుకుందాం" అన్నాను.

"యాడ మాట్లాడుకుంటే ఏంది అల్లుడా, పనైతే చాలదా?" అన్నాడు మామ.

"ఇప్పుడు బాగానే ఉండాం కదా తమ్ముడూ" అంది అక్క.

నేను వినలేదు. సెంటర్లో మూలన పడున్న కంప్యూటర్లో ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చాట్ ఎక్కించాను. మార్కాపురంలో కరెంటు పోతే గిద్దలూరూ కురిచేడూ మూగబోయేవి. అయినా నాకు గర్వంగానే ఉండేది.

ఖాతాలు కూడా నేనే తెరిచాను. పేరు అడిగిన చోట, నేను పిలిచేట్టే, మామకు ‘మామ’ అనీ అక్కకు ‘అక్క’ అనీ కొట్టాను. నా వంతు వచ్చేసరికి ‘నేను’ అని కొట్టాను.

"అరవై దాటినోడిని, ఈ అమ్మాయి నాకు అక్కెట్లయిద్ది?" అని మామ గొణిగాడు.

అసలు చిక్కు అది కాదు. ఆ చాట్‌లో ఎవరి పేరు రాసినా అది నీలం రంగుకు మారి, వాళ్ల ఫోన్ మోగుతుంది. కొన్నాళ్లు ఏమీ కాలేదు. ఎందుకంటే మనం మాటల్లో ‘నేను’ పెద్దగా వాడం. చూస్తా, పంపిస్తా, రేపు చేస్తా, అంతే. తప్పు ఒప్పుకునేటప్పుడు మాత్రం ఆ మాట లేకుండా కుదరదు.

ఒకరోజు అక్క చేసిన మార్పుతో ప్రోగ్రాం ‘కల’ అని రాసినా ‘కళ’ అని దిద్దడం మొదలుపెట్టింది. నా ఫోన్ మోగింది. చూస్తే అక్క సందేశం: "దీన్ని చెడగొట్టింది నేను." చివరి మాట నీలంగా ఉంది.

"నేను చెడగొట్టలేదు" అని కొట్టాను. అదీ నీలంగానే వచ్చింది.

"ఏంది అల్లుడా, ఆ అమ్మాయి నువ్వంటాంది, నువ్వు కాదంటాండావు" అని మామ.

"అయ్యో మామా, నేను అంటే నేను" అని అక్క.

"అదే కదమ్మా, వాడేనంటాండావు."

"వాడు కాదు మామా, నేను!"

"మళ్లా వాడి పేరే చెప్తాండావు!"

ఆ పూట నవ్వేసి ఉంటే సరిపోయేది. నాకు కోపమొచ్చింది. "తప్పు చేసి పక్కోడి మీదికి తోసేది పంతుళ్లకు అలవాటే" అని రాశాను. అక్క ఖాతా మూసుకుని వెళ్లిపోయింది.

సంగతి నా బుర్రకెక్కేసరికి చాట్‌లో మిగిలింది మామా నేనూ. దాన్ని మూసేసి, నెపం సాఫ్ట్‌వేర్ మీద పెట్టి ఆ వాక్యం రాశాను. ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు ఏ పాపమూ ఎరగరు. ఇక్కడ సంధుల పని ఆగిపోయింది. మామ ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న: "గిద్దలూరు పోయినావా?"

చివరికి బస్సెక్కాను. తలుపు కొడితే లోపలి నుంచి అక్క, "ఎవురు?" అంది.

"నేను" అన్నాను.

లోపల పెద్దగా నవ్వు. తలుపు తీసి కూడా ఆపుకోలేక గడప మీదే కూలబడింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పంతుళ్ల మాట అన్నందుకు క్షమించమన్నాను.

ఆమె నవ్వు ఆగింది. "ఆ మాటకు నాకు అన్నం సయించలా తమ్ముడూ. పైగా సాంకేతిక కారణం అని రాసినావే, ముందు అది పీకెయ్. ఆమీట చూద్దాం."

పీకేశాను. అక్క తిరిగొచ్చింది గానీ ఏ చాట్‌లోకీ రానంది. ఇప్పుడు ఆదివారాలు ముగ్గురం ఫోన్‌లోనే మాట్లాడుకుంటాం. ఆమె కోడ్ పైకి చదువుతుంది, మామ విని టైపు కొడతాడు.

"బ్రాకెట్టు మూసినావా మామా?"

"ఎప్పుడు తెరిచినానమ్మా?"